రోబో బ్లాకుల పెట్టె: కొనేముందు చూడాల్సింది దాని ఆయుష్షు

తిరుపతిలో ఏ బొమ్మల అంగడికి వెళ్లి పిల్లలకి రోబో కావాలని అడిగినా రెండు మూడు రకాల పెట్టెలు ముందుకొస్తాయి. ఒకదాంట్లో పూర్తిగా తయారైన రోబో ఉంటుంది. స్విచ్ వేస్తే కళ్లు వెలుగుతాయి, పాట వస్తుంది, గుండ్రంగా తిరుగుతుంది. ఇంకోదాంట్లో విడి భాగాలే ఉంటాయి గానీ వాటితో పెట్టె మీదున్న ఆ ఒక్క రోబో తప్ప వేరేది చేయలేం. స్క్రూలు బిగించాక మళ్లీ విప్పే పని ఉండదు. మూడోదాంట్లో అసలు రోబోయే ఉండదు. బుడిపెలున్న బ్లాకులు, చిల్లులున్న కడ్డీలు, ఇరుసులు, పళ్ల చక్రాలు, ఒకటో రెండో మోటార్లు, వెలుతురునో దూరాన్నో పసిగట్టే ఒక సెన్సర్, సెల్లులు వేసే డబ్బా, అంతే. ఏం చేయాలన్నది పిల్లల ఇష్టం. మూడింటి మీదా రోబో అనే రాసి ఉంటుంది, మూడింటి మీదా పిల్లల తెలివి పెరుగుతుందనే ఉంటుంది.

చాలామంది తల్లిదండ్రులు మొదటి రెండింటిలో ఒకటి కొంటారు. అందులో వాళ్లని తప్పుపట్టాల్సిందేమీ లేదు. అంగట్లో ఆడించి చూపిస్తే కళ్లముందు కదిలేది అదే కదా. విడి ముక్కలు ఎవరి మనసునూ వెంటనే లాగవు. కానీ తయారైన రోబోతో పిల్లలు చేయగలిగింది స్విచ్ నొక్కడం ఒక్కటే. అది చేసే నాలుగు పనులూ చూసేశాక ఐదోది ఉండదు. విడి ముక్కల పెట్టె తెరిచిన రోజు ఏదీ కదలకపోవచ్చు, చిరాకుతో ఏడుపు కూడా రావచ్చు. రెండో నెలలో, రెండో ఏడాదిలో కూడా కొత్తది పుట్టే వీలు మాత్రం దానికే ఉంది. అయితే ఆ పెట్టెలోనూ వేర్వేరు ఆయుష్షులున్న వస్తువులు కలిసి ఉంటాయి. బ్లాకులు తాత కొనిస్తే మనవడి దాకా ఆడుకోగలిగినవి. మోటారును నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా, దానికి కావాల్సిన ఫోన్ యాప్ అలాంటివి కావు. కిట్ ధరలో పెద్ద వాటా మాత్రం ఈ రెండో భాగానిదే. రోబో బ్లాకులు కొనేవాళ్లకి అన్నిటికంటే ముందు తెలియాల్సిన విషయం ఇదే.

ప్లాస్టిక్ బ్లాకు చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. దాని వెనకున్న పనితనం మాత్రం చిన్నది కాదు. డెన్మార్క్‌లోని బిలుంద్ అనే ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. లెగో కంపెనీ అలా పుట్టింది. 1949లో వాళ్లు ప్లాస్టిక్ బ్లాకులు తెచ్చారు. అవి ఒకదాని మీద ఒకటి కూర్చునేవి గానీ గట్టిగా పట్టుకునేవి కావు. 1958లో బ్లాకు లోపలి భాగంలో గొట్టాలు పెట్టారు. కింది బ్లాకు బుడిపె పై బ్లాకు గోడకీ గొట్టానికీ మధ్య ఇరుక్కుంటుంది. ఆ ఇరుకే పట్టు. పిల్లల వేళ్లతో ఊడదీయగలిగేంత వదులుగా, ఎత్తి పట్టుకుంటే ఊడిపోనంత బిగువుగా ఉండాలంటే అచ్చు ఎంతో కచ్చితంగా పోయాలి. ఒక బుడిపె నడిమి నుంచి పక్క బుడిపె నడిమికి 8 మిల్లీమీటర్లు. బ్లాకు ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, పలుచటి పలక ఎత్తు 3.2. అంటే మూడు పలకలు పేరిస్తే సరిగ్గా ఒక బ్లాకు ఎత్తు వస్తుంది. ఈ కొలతలు మారలేదు కాబట్టే 1958 నాటి బ్లాకు ఈ రోజు కొన్న బ్లాకుకి అతుక్కుంటుంది. 1963లో వంపు తిరగని ఏబీఎస్ ప్లాస్టిక్‌కి మారడంతో రంగూ ఆకారమూ కూడా ఎక్కువ కాలం నిలబడ్డాయి.

ఎన్ని రకాలుగా కలపొచ్చు అన్న లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఎనిమిది బుడిపెలున్న, ఒకే రంగు బ్లాకులు ఆరు తీసుకుంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చని గణితవేత్తలు కంప్యూటర్‌తో లెక్కగట్టారు. ఆరు బ్లాకులకే తొంభై ఒక్క కోట్లు! పెద్ద పెట్టె కొనలేకపోయామని బాధపడే తల్లిదండ్రులు ఈ ఒక్క సంఖ్య గుర్తుపెట్టుకుంటే చాలు. పిల్లలకి కొరత పడేది ముక్కలు కాదు, వాటితో కూర్చునే సమయం.

లెగో పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. బ్లాకు ఆకారాన్ని ట్రేడ్‌మార్కుగా ఉంచుకోవాలని ఆ కంపెనీ ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆ ఆకారం ఒక పని కోసం ఏర్పడింది కాబట్టి దాన్ని ఒకరి సొంతం చేయలేమని 2010లో తీర్పు వచ్చింది. అందుకే ఇప్పుడు అంగళ్లలో అదే కొలతతో ఎన్నో కంపెనీల బ్లాకులు దొరుకుతున్నాయి, ధర కూడా చాలా తక్కువ. ఇది మంచిదే. కాకపోతే కొలత ఒకటే అయినా పట్టు ఒకేలా ఉండదు. చిన్న పరీక్ష ఉంది. పది బ్లాకులు నిలువుగా పేర్చి, ఒక చివర పట్టుకుని అడ్డంగా ఎత్తాలి. మధ్యలో వంగినా, ఊడి పడినా ఆ బ్లాకులతో గోడలు కట్టొచ్చు గానీ కదిలే యంత్రం కట్టడం కష్టం. మోటారు తిరిగేటప్పుడు వచ్చే అదురుకి కీళ్లు వదులైపోతాయి. పిల్లలేమో తమకి చేతకాలేదని అనుకుంటారు. నాసిరకం ముక్కలతో వచ్చే పెద్ద నష్టం ఇదే.

ఇక రోబో భాగం. బ్లాకులకి మోటారు, కంప్యూటర్ తగిలించాలన్న ఆలోచన బొమ్మల కంపెనీది కాదు, చదువు గురించి ఆలోచించిన ఒక గణితవేత్తది. సేమర్ పాపెర్ట్ జెనీవాలో, పిల్లల మనసు ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే అనే శాస్త్రవేత్త దగ్గర పనిచేసి, పిల్లలు ఎలా నేర్చుకుంటారన్నది దగ్గరగా చూసిన మనిషి. తర్వాత అమెరికాలో ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయానికి వచ్చి, సహచరులతో కలిసి 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. నేల మీద తాబేలులా పాకుతూ గీతలు గీసే చిన్న యంత్రానికి పిల్లలు ఆజ్ఞలు ఇస్తారు: ఇంత ముందుకెళ్లు, ఇంత తిరుగు. అనుకున్న బొమ్మ రాకపోతే ఆజ్ఞల్లో ఎక్కడ తేడా వచ్చిందో తామే వెతుక్కుంటారు. కంప్యూటర్ పిల్లలకి పాఠం చెప్పడం కాకుండా, పిల్లలే కంప్యూటర్‌కి పని నేర్పాలన్నది ఆయన పట్టుదల. 1980లలో ఆయన బృందం లెగోతో కలిసి పనిచేసింది. 1998లో వచ్చిన మైండ్‌స్టార్మ్స్ కిట్ దాని ఫలితమే. అందులో ఆర్‌సీఎక్స్ అనే పసుపు రంగు డబ్బా ఉండేది. 32 కిలోబైట్ల మెమరీ, మూడు మోటార్లకీ మూడు సెన్సర్లకీ చోటు, ఆరు పెన్సిల్ సెల్లులు. ఈనాటి చౌక ఫోన్ ముందు కూడా అది ఎందుకూ కొరగాదు. కానీ ఆ 32 కిలోబైట్లతో పిల్లలు గీత వెంట నడిచే బండ్లు, రంగుల వారీగా బ్లాకులు వేరుచేసే యంత్రాలు చేశారు.

అది అమ్మకానికి వచ్చిన కొద్ది వారాలకే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరు దాని లోపలి ప్రోగ్రామ్ గుట్టు విప్పి ఇంటర్‌నెట్‌లో పెట్టారు. కంపెనీ ముందు కంగారుపడింది. తర్వాత కేసు వేయకుండా, ఎవరైనా తమకి నచ్చినట్టు మార్చుకోవచ్చని ఒప్పుకుంది. బయటివాళ్లు దాని కోసం కొత్త ప్రోగ్రామింగ్ భాషలే రాశారు. బొమ్మల చరిత్రలో ఇది పెద్ద నిర్ణయం. కొన్నవాళ్లకి ఆ వస్తువు మీద పూర్తి హక్కు ఉంటుందని ఒక పెద్ద కంపెనీ ఒప్పుకోవడం ఇప్పటికీ తరచుగా జరిగేది కాదు.

ఆ తర్వాత ఆర్‌సీఎక్స్ స్థానంలో 2006లో ఎన్‌ఎక్స్‌టీ, 2013లో ఈవీ3 అనే కొత్త డబ్బాలు వచ్చాయి. 2022 చివరికి మైండ్‌స్టార్మ్స్ వరుసనే ఆపేశారు. 1998 నాటి డబ్బాకి ప్రోగ్రామ్ పంపాలంటే కంప్యూటర్ వెనక ఉండే సీరియల్ పోర్టు అనే పాత రకం సాకెట్‌కి తగిలించే ఒక ఇన్‌ఫ్రారెడ్ పరికరం కావాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టే ఉండదు. అదే పెట్టెలో వచ్చిన బ్లాకులు, పళ్ల చక్రాలు మాత్రం ఇప్పటికీ కొత్త కిట్‌తో హాయిగా కలిసిపోతాయి. ప్రపంచంలోకెల్లా పేరున్న కంపెనీ వస్తువు పరిస్థితే ఇది. పేరు ఊరు తెలియని కంపెనీ యాప్‌తో నడిచే రోబో సంగతి చెప్పక్కర్లేదు. ఫోన్‌లో ఆండ్రాయిడ్ మారితే యాప్ తెరుచుకోదు, యాప్ తెరుచుకోకపోతే ఆ రోబో కదలదు. వేలు పోసిన వస్తువు అటకెక్కుతుంది.

అందుకే కొనేముందు అంగట్లో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోన్ లేకుండా, యాప్ లేకుండా మోటారు ఆన్ అవుతుందా? డబ్బా మీదే స్విచ్ ఉందా? ఎలక్ట్రానిక్ డబ్బా పాడైతే మిగతా ముక్కలు ఇంకో కంపెనీ బ్లాకులతో కలుస్తాయా? విడిగా మోటారు, గేరు దొరుకుతాయా? నాలుగిటికీ అవునంటే ఆ పెట్టె చాలా కాలం ఉంటుంది. ఇంట్లో కొత్త ఫోన్ వచ్చిన ప్రతిసారీ పనిచేస్తుందో లేదో అన్న టెన్షన్ ఉండదు. పెట్టెలో ఎన్ని రోబోలు చేయొచ్చో రాసిన సంఖ్య కంటే ఈ నాలుగు ప్రశ్నలే ముఖ్యం.

ఇలాంటి పెట్టెతో పిల్లలు నిజంగా ఏం నేర్చుకుంటారో ఒక ఉదాహరణతో చూద్దాం. తిరుపతిలో పెరిగే పిల్లలు రథాన్ని దగ్గర నుంచి చూస్తారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రథోత్సవం, గోవిందరాజస్వామి గుడిలో రథోత్సవం, తిరుచానూరులో అమ్మవారి రథోత్సవం. బ్లాకులతో రథం కట్టమంటే ఆకారం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగు చక్రాలు, రెండు ఇరుసులు, పైన అంచెలంచెలుగా గోపురం. మోటారును నేరుగా వెనక ఇరుసుకి తగిలిస్తారు. స్విచ్ వేస్తే రెండిట్లో ఒకటి జరుగుతుంది. రథం ఒక్కసారిగా ముందుకు దూకి, ఎత్తైన గోపురం వెనక్కి వాలి పడిపోతుంది. లేదంటే మోటారు మూలుగుతుంది గానీ చక్రం కదలదు.

అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది. చిన్న మోటారు చాలా వేగంగా తిరుగుతుంది, కానీ దానికి తిప్పే బలం తక్కువ. వేగాన్ని వదులుకుని బలం తెచ్చుకోవాలి. మోటారుకి 8 పళ్ల గేరు, ఇరుసుకి 24 పళ్ల గేరు పెడితే మోటారు మూడు చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. రాపిడికి పోయింది పోగా, తిప్పే బలం దాదాపు మూడింతలవుతుంది. అలాంటిదే ఇంకో జత కలిపితే తొమ్మిది చుట్లకి ఒకటి. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బస్సు డ్రైవరు గేరు తగ్గించేది ఇందుకే అని అప్పుడు చెబితే ఆ పిల్లలు జీవితంలో మర్చిపోరు. చాలామంది పిల్లలు మొదట తలకిందులుగా చేస్తారు, మోటారుకే పెద్ద గేరు పెడతారు, పెద్దదానికి బలం ఎక్కువనుకుని. రథం మొండికేస్తుంది. పక్కనున్న పెద్దవాళ్లు ఆ క్షణంలో చేయి పెట్టి సరిచేయకుండా ఉండగలగాలి. రెండు గేర్లూ అటూ ఇటూ మార్చి చూసే తీరిక ఇస్తే తేడా పిల్లల వేళ్లకే తెలుస్తుంది. ఇరుసును చేత్తో తిప్పి చూస్తే ఎక్కడ తేలిగ్గా ఉందో, ఎక్కడ బరువుగా ఉందో అర్థమవుతుంది. ఏ తెర మీదా దొరకని తెలివి అది.

కదలడం వచ్చాక మలుపు సమస్య. గుడి రథానికి స్టీరింగ్ ఉండదు. చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టి మళ్లిస్తారు, దిమ్మెలు పెట్టే ఆపుతారు. బ్లాకుల రథానికి కూడా ఇరుసులు కదలవు. రెండు వైపులా రెండు మోటార్లు పెట్టి, ఒక వైపు వేగం తగ్గిస్తే రథం ఆ వైపుకి తిరుగుతుంది. ఇంటి ముందున్న రథవీధిలో పెద్దవాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న పనిని పిల్లలు ఇంకో దారిలో సాధించడం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

ఆ తర్వాత లెక్కలు. చక్రం అడ్డుకొలత 56 మిల్లీమీటర్లైతే చుట్టుకొలత దాదాపు 176 మిల్లీమీటర్లు. ఒక మీటరు దూరం వెళ్లాలంటే చక్రం సుమారు 5.7 చుట్లు తిరగాలి. ప్రోగ్రామ్‌లో ఆ సంఖ్య వేసి వదిలితే రథం మీటరు కంటే కాస్త ముందే ఆగుతుంది. ఎందుకు? నేల మీద దుమ్ము వల్ల చక్రం జారింది, లేదా ఒక చక్రం రెండోదానికంటే కొంచెం బిగుతుగా ఉంది. నోట్‌బుక్‌లో పై (π) విలువ 3.14 అని రాసుకున్నప్పుడు రాని ప్రశ్న ఇది. కాగితం మీద లెక్క సరిపోయినా నేల మీద ఎందుకు సరిపోలేదని అడిగే పిల్లలు అప్పటికే సగం ఇంజనీర్లు.

సెన్సర్ల దగ్గర ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. గీత వెంట నడిచే బండిని తీసుకుంటే, తెల్ల చార్ట్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు అతికిస్తారు. సెన్సర్ కిందికి వెలుతురు వేసి, ఎంత తిరిగొచ్చిందో చూస్తుంది. తెలుపు ఎక్కువ వెనక్కి పంపుతుంది, నలుపు తక్కువ. బండి గీత మీద నడుస్తున్నట్టు కనిపిస్తుంది గానీ ఒకే సెన్సర్ ఉన్నప్పుడు అది నడిచేది గీత అంచు వెంట. తెలుపు కనిపిస్తే కుడికి, నలుపు కనిపిస్తే ఎడమకి. ఇలా ఊగుతూ పోతుంది. గీత నడిమి మీదే పెడితే, దారి తప్పినప్పుడు ఎటు తప్పిందో దానికి తెలియదు. ఈ చిన్న విషయం తట్టడానికి ఒక మధ్యాహ్నమంతా పడుతుంది, పట్టనివ్వాలి. పొద్దున బాగా నడిచిన బండి మధ్యాహ్నం దారి తప్పుతుంది. కిటికీలోంచి ఎండ పడి తెలుపుకీ నలుపుకీ మధ్య పెట్టుకున్న హద్దు మారిపోయింది మరి. చిత్తూరు, కుప్పం వైపు ఇళ్లలో నున్నటి గ్రానైట్ నేలలు ఎక్కువ. నల్ల గ్రానైట్ మెరుపుకి సెన్సర్ దాన్ని తెలుపు అనుకునే ప్రమాదం ఉంది. కొలత ఎప్పుడూ పరిసరాల మీద ఆధారపడుతుందని ఇంతకంటే బాగా చెప్పే పాఠం దొరకదు.

అడ్డం వస్తే ఆగే రోబోలో ఉండేది శబ్దంతో దూరం కొలిచే సెన్సర్. మన చెవికి వినపడని శబ్దాన్ని పంపి, అది గోడకి తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి, ఒక సెంటీమీటరు దూరం వెళ్లి రావడానికి సుమారు 58 మైక్రోసెకన్లు. గోడను బాగా గుర్తుపట్టే రోబో కిటికీ పరదాను గుద్దుకుంటుంది, మెత్తటి గుడ్డ శబ్దాన్ని మింగేస్తుంది కాబట్టి.

సెల్లుల విషయం చిన్నదే గానీ ఇళ్లలో గొడవలు పెట్టేది అదే. మామూలు పెన్సిల్ సెల్లు 1.5 వోల్టులు, రీచార్జి చేసుకునేది 1.2. ఆరు సెల్లులు వేసే రోబోకి ఒకదాంతో 9 వోల్టులు, ఇంకోదాంతో 7.2 వస్తాయి. రోబో నెమ్మదించిందంటే పాడైందని కాదు. రోబోలకి రీచార్జి సెల్లులే మేలు, ఖర్చు కలిసొస్తుంది. ప్రోగ్రామ్‌లో సమయం బదులు చక్రం చుట్లు లెక్కబెట్టేలా రాసుకుంటే ఈ తేడా అంతగా బాధించదు.

భద్రత దగ్గర మాత్రం ఏమాత్రం సర్దుకుపోకూడదు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి, 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, విదేశాల నుంచి వచ్చినవాటికి కూడా. ఎలక్ట్రిక్ బొమ్మలకి ఐఎస్ 15644 అనే ప్రమాణం, మిగతావాటికి ఐఎస్ 9873 వర్తిస్తాయి. గుర్తు కింద ఉన్న లైసెన్సు నంబరును, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకీ, కొండపల్లి, ఏటికొప్పాక లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి చెక్కబొమ్మ మీద గుర్తు లేకపోతే భయపడక్కర్లేదు, మోటారున్న ప్లాస్టిక్ రోబో మీద లేకపోతే మాత్రం కొనకూడదు. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో చిన్న ముక్కల కిట్ నేల మీద వదలకూడదు, అన్నదో అక్కదో అయినా సరే. అన్నిటికంటే ప్రమాదం బిళ్లలాంటి బటన్ సెల్లు. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. పిల్లలు మింగారని అనుమానం వచ్చినా సరే, ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. గట్టి అయస్కాంతాలతో అతుక్కునే బ్లాకులు పగిలిపోయి రెండు ముక్కలు కడుపులోకి వెళితే, పేగు గోడల్ని మధ్యలో పెట్టుకుని ఒకదాన్నొకటి లాక్కుంటాయి. బటన్ సెల్లున్న బొమ్మకి దాని మూత స్క్రూతో బిగించి ఉందా లేదా చూడకుండా ఇంటికి తేకూడదు.

ధర దగ్గర చాలా కుటుంబాలు ఆగిపోతాయి. పేరున్న కంపెనీల ప్రోగ్రామింగ్ కిట్లు పదుల వేలల్లో ఉంటాయి. అది చాలా ఇళ్లలో ఒక నెల జీతం. కొనలేకపోతే పిల్లలు వెనకబడిపోతారన్న భయం అక్కర్లేదు. మోటారు లేని మంచి బ్లాకులు, గేర్లతో మొదలుపెట్టి ఒక ఏడాది గడపొచ్చు. తర్వాత ఎలక్ట్రానిక్స్ అంగళ్లలో దొరికే పసుపు రంగు గేరు మోటారు తెచ్చుకోవచ్చు, మామూలుగా వంద రూపాయల లోపే వస్తుంది. దాని లోపల మోటారు 48 చుట్లు తిరిగితే బయటి ఇరుసు ఒక చుట్టు తిరుగుతుంది. అంటే పైన చెప్పిన గేర్ల పాఠం మొత్తం ఆ చిన్న డబ్బాలోనే ఉంది. పాడైనదాన్ని విప్పి చూపిస్తే పిల్లలు లోపలి గేర్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవచ్చు. ప్రోగ్రామింగ్ దాకా వచ్చాక, మోటార్లనీ సెన్సర్లనీ నడిపించే ఆర్డుయినో లాంటి చిన్న సర్క్యూట్ బోర్డు ఉంది. 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం తయారైన ఈ బోర్డు డిజైను అందరికీ తెరిచి ఉంచారు, అందుకే దాని చౌక నకళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక కంపెనీ మూతబడినా ఇది ఆగిపోదు.

అంతకంటే చౌకైన దారి కూడా ఈ దేశంలోనే పుట్టింది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అర్వింద్ గుప్తా 1970లలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ ప్రాంతంలో, పల్లె బడుల సైన్సు కార్యక్రమంలో పనిచేస్తూ, అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వ్ రబ్బరు గొట్టం ముక్కలతో కలిపి ఆకారాలు కట్టడం చూపించాడు. మూడు పుల్లల త్రిభుజాన్ని నొక్కితే కదలదు. నాలుగు పుల్లల చతురస్రం పక్కకి ఒరిగిపోతుంది. మూల నుంచి మూలకి ఒక పుల్ల పెడితే నిలబడుతుంది. వంతెనల్లో, ఎత్తైన విద్యుత్ టవర్లలో అన్నీ త్రిభుజాలే ఎందుకుంటాయో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. బ్లాకులతో రథం గోపురం కట్టేటప్పుడు ఒరిగిపోతుంటే చేయాల్సింది కూడా ఇదే. ఆయనకి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన చూపించిన పని ప్రతి బడిలోనూ జరగాల్సింది.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. పండగకి బొమ్మలు కొనేటప్పుడు ఇప్పటికీ చాలా ఇళ్లలో అమ్మాయికి లక్కపిడతలు, వంట సెట్టు, అబ్బాయికి రోబో. లక్కపిడతలు ఎంతో అందమైన ఆట, దాన్ని ఎవరూ మానక్కర్లేదు. కానీ విడి ముక్కల్ని మనసులో తిప్పి చూసి, ఏది ఎక్కడ సరిపోతుందో ఊహించే శక్తి ఆడేకొద్దీ పెరుగుతుంది. ఆ ఆట దొరకని పిల్లలకి ఆ సాధన కూడా దొరకదు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఉన్న ఊరు ఇది. ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయిలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆరేళ్ల అమ్మాయి చేతికి గేరు అందడానికి ఇంకా మొహమాటం ఎందుకు?

బడుల విషయానికొస్తే, 2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచి కోడింగ్‌ను పరిచయం చేయాలంది. అది వచ్చాక ప్రైవేటు బడుల్లో రోబోటిక్స్ అనే పేరుతో ప్రత్యేక ఫీజు, వేసవి క్లాసులు మామూలయ్యాయి. అందులో మంచివీ ఉన్నాయి. తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. క్లాసు అయ్యాక పిల్లలందరి రోబోలూ ఒకేలా ఉన్నాయా, తేడాగా ఉన్నాయా అని చూడాలి. అన్నీ అచ్చు ఒకేలా ఉంటే అక్కడ జరిగింది సూచనల పుస్తకం చూసి బిగించడం. మొదట్లో అదీ అవసరమే. పైగా మంచి కిట్ల పుస్తకాల్లో అక్షరాలు లేకుండా బొమ్మలే ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ రాని పిల్లలు కూడా ఎవరి మీదా ఆధారపడకుండా చేసుకోగలరు. ఆరు నెలల తర్వాత కూడా అంతే ఉంటే ఫీజు దండగ. అలిపిరి దారిలో ఉన్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి పిల్లల్ని తీసుకెళ్లి యంత్రాలు తిప్పి చూడనిస్తే అంతకంటే ఎక్కువ వస్తుంది.

సర్కారు వైపు నుంచి పెద్ద ఏర్పాటు అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. అందులో సగం పరికరాలకి, సగం అయిదేళ్ల వరకు నడిపే ఖర్చులకి. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకి మోటార్లు, సెన్సర్లు, త్రీడీ ప్రింటర్ అందుబాటులో ఉంటాయి. దేశంలో ఇలాంటి ల్యాబ్‌లు ఇప్పటికే 10,000 దాటాయి. వచ్చే అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో ఇంకో 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. కొండకింద పల్లెలో చదివే పిల్లలకి ఇంటి దగ్గర ఎప్పటికీ దొరకని వస్తువులు ఇవి. అయితే ల్యాబ్ ఉన్నచోట కూడా కిట్లు బీరువాలో తాళం కింద ఉండిపోయే ప్రమాదం ఉంది. కారణం నిర్లక్ష్యం అనుకోవడం అన్యాయం. గేరు పోతే, మోటారు కాలితే లెక్క చెప్పాల్సింది ఆ టీచరే కాబట్టి భయం. స్టాకు రిజిస్టరులో 24 పళ్ల గేరు ఒకటి తక్కువైతే ఎవరు బాధ్యులన్న ప్రశ్న ఆయన్ని ఆపుతుంది. పిల్లలు చేతులు పెట్టేచోట చిన్న ముక్కలు పోతాయి, మోటార్లు కాలతాయి. నడిపే ఖర్చుల కింద వచ్చే డబ్బులోంచి ప్రతి ఏడాదీ ఇన్ని గేర్లు, ఇన్ని మోటార్లు, ఇన్ని సెల్లులు అని కొత్తవి కొనుక్కునేలా హెడ్మాస్టరు ముందే రాసి సంతకం పెడితే, బీరువా తాళం టీచరు ధైర్యంగా తీస్తాడు.